ఫ్లోరిడా గాలిమొక్కలను గింజ రాలేదాకా కాపాడటం ఎలా

మీ పెరట్లో లైవ్ ఓక్ గానీ సైప్రస్ గానీ ఉంటే ఒకసారి తలెత్తి కొమ్మలన్నీ వెతకండి. బూడిద కలిసిన పచ్చరంగులో, అనాస పిలకలా విచ్చుకున్న గుబుర్లు కనిపిస్తే అవి బ్రొమీలియాడ్లు. అనాస కూడా ఈ కుటుంబానిదే. మట్టితో పనిలేకుండా కొమ్మల మీదే బతుకుతాయి కాబట్టి వీటిని ఎయిర్ ప్లాంట్లు అంటారు. ఫ్లోరిడాలో సహజంగా పెరిగే బ్రొమీలియాడ్ జాతులు 16. వాటిలో 10 ఇవాళ ప్రమాదంలో ఉన్న మొక్కలుగా రాష్ట్ర జాబితాకెక్కాయి. ఒకప్పుడు ఎటు చూసినా కనిపించిన టిలాండ్సియా ఉట్రిక్యులేటా, టిలాండ్సియా ఫాసిక్యులేటా అనే రెండు జాతులైతే ఒకే ఒక్క పురుగు మూలంగా ఆ జాబితాలో చేరాయి.

ఆ పురుగు మెక్సికన్ బ్రొమీలియాడ్ వీవిల్, ముక్కు పురుగుల్లో ఒక రకం. మెక్సికో నుంచి దిగుమతైన అలంకరణ మొక్కల్లో దాక్కుని వచ్చింది. 1989లో బ్రొవార్డ్ కౌంటీలో మొదటిసారి దొరికింది. ఆ తర్వాత దక్షిణ ఫ్లోరిడా అంతా పాకి, మధ్య ఫ్లోరిడాలోకి వచ్చింది. మయాకా రివర్ స్టేట్ పార్క్‌లో ఓక్ కొమ్మల నిండా ఉన్న పెద్ద గాలిమొక్కలను ఊడ్చిపెట్టేసింది. మన 16 జాతుల్లో 12 దాని నోటికి అందేవే.

ఈ పురుగు పిల్ల లావుపాటి కాండం తొలుచుకుని బతుకుతుంది. కాబట్టి చిన్న మొక్కలను వదిలేసి, కాస్త పెద్దయినవాటి మీద పడుతుంది. ఉట్రిక్యులేటా పూతకు రావడానికి పదేళ్ళో, ఇరవై ఏళ్ళో పడుతుంది. జీవితంలో ఒక్కసారే పూస్తుంది, గింజలు రాల్చి చనిపోతుంది. ఫ్లోరిడాలో దానికి పిలకలు కూడా రావు. అన్నేళ్ళు పెరిగి, ఇక పూస్తుందనగా పురుగు మొవ్వు తినేస్తే దాని వెనక ఒక్క మొలకా మిగలదు. అడవిలో చిన్న మొక్కలు కనిపిస్తున్నాయి కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. గింజ పెట్టే మొక్కలే లేకపోతే ఆ చిన్నవి చివరి తరం అవుతాయి.

అందుకని ఈ వ్యాసంలో చెప్పే ప్రతి పనికీ గురి ఒకటే: మీ చేతికందే దూరంలో ఉన్న పెద్ద మొక్క గింజ రాల్చేదాకా బతకాలి.

ముందు మీ దగ్గర ఏముందో తెలుసుకోండి

బైనాక్యులర్స్ ఉంటే మంచిది, ఫోన్ కెమెరా జూమ్ అయినా సరిపోతుంది. అన్నిటికన్నా పెద్దది ఉట్రిక్యులేటా. ఆకులు మెత్తగా, వెడల్పుగా ఉండి, చివర్లు వంపు తిరుగుతాయి. ఆకుల మొదళ్ళు ఒకదానిలో ఒకటి ఒదిగి తొట్టిలా ఏర్పడి నీళ్ళు పట్టి ఉంచుతాయి. పూతకొస్తే కాడ మనిషెత్తు లేస్తుంది. ఫాసిక్యులేటా ఆకులు సన్నగా, బిరుసుగా ఉంటాయి. పూగుత్తి ఎర్రగా, లోపలి పూలు ఊదారంగులో ఉంటాయి. దీనికి పిలకలొస్తాయి కాబట్టి ఒకే చోట గుంపుగా పెరుగుతుంది. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి, ఆకులు మెలికలు తిరిగి కిందికి వాలితే అది టిలాండ్సియా బాల్బిసియానా కావచ్చు. మెలి తిరిగిన ఆకుల మీద వెండిరంగు అడ్డపట్టీలుంటే టిలాండ్సియా ఫ్లెక్సువోసా.

కొమ్మల నుంచి బూడిదరంగు జడల్లా వేలాడే స్పానిష్ మాస్, బంతిలా గుండ్రంగా అంటుకునే బాల్ మాస్ కూడా టిలాండ్సియాలే. వాటి కాండం మరీ సన్నం, అందులో పురుగు పిల్లకు చోటు చాలదు. కాబట్టి వాటి గురించి ఆ బెంగ లేదు. నిఘా పెట్టవలసింది తొట్టిలా పెరిగే పెద్దవాటి మీద.

కొమ్మకు తెల్లటి లావు వేళ్ళు పాకి కనిపిస్తే అది ఆర్కిడ్. టాంపా పేరు పెట్టుకున్న ఎన్సైక్లియా టాంపెన్సిస్ అనే బటర్‌ఫ్లై ఆర్కిడ్ ఇళ్ళ మధ్య ఓక్ చెట్ల మీద కూడా కనిపిస్తుంది. ఎండకు గోధుమరంగులో ముడుచుకుని, వాన పడగానే పచ్చగా విచ్చుకునేది రిసరెక్షన్ ఫెర్న్. ఎండిపోయిందనుకుని దాన్ని గీకి పారేసేవాళ్ళున్నారు, ఆ పని చేయకండి.

ఒక నోట్‌బుక్‌లో చెట్టు, కొమ్మ, ఎన్ని మొక్కలు, ఏ సైజు అన్నది రాసుకోండి. ప్రతి పెద్ద మొక్కకూ ఒక ఫొటో తీయండి. పై నెల పోల్చి చూసుకోవడానికి ఇదే ఆధారం.

చెట్టుకు హాని చేస్తాయన్న భయం వదిలేయండి

మామిడి కొమ్మ మీద బదనిక చూసి పెరిగిన మనకు, చెట్టు మీద ఇంకో మొక్క కనిపిస్తే పీకేయాలనే అనిపిస్తుంది. బదనిక వేరు కొమ్మలోకి దిగి రసం పీలుస్తుంది. బ్రొమీలియాడ్ వేరు బెరడును పట్టుకుని నిలబడటానికే. నీళ్ళు, పోషకాలు ఆకుల మీది సన్నటి పొలుసుల ద్వారా వానలోంచి, మంచులోంచి, తొట్టిలో రాలి కుళ్ళిన ఆకుల్లోంచి తీసుకుంటుంది. చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. ఎండుతున్న కొమ్మల మీద బాల్ మాస్ ఎక్కువ కనిపించడానికి కారణం ఆకులు రాలి అక్కడ వెలుతురు పెరగడమే. కొమ్మను ఎండబెట్టింది బాల్ మాస్ కాదు.

ఇది మీకొక్కరికే తెలిస్తే చాలదు. చెట్లు కొట్టే మనుషులకు, లాన్ సర్వీస్‌కు, ఇంటి సంఘానికి కూడా చెప్పండి. కొమ్మలు నరికించేటప్పుడు పని మొదలుకాక ముందే వాళ్ళతో చెట్టు చుట్టూ తిరిగి, ఏ కొమ్మ మీద మొక్కలున్నాయో చూపించండి. తప్పనిసరిగా తీయవలసిన కొమ్మ అయితే పైనుంచి పడేయకుండా తాడు కట్టి దించమనండి. స్పానిష్ మాస్, బాల్ మాస్ పోగొడతామని రాగి కలిసిన మందులు కొట్టేవాళ్ళున్నారు. రాగి బ్రొమీలియాడ్లకు విషం. పక్కింటి పళ్ళచెట్టుకు కొట్టిన రాగి శిలీంద్రనాశిని గాలికి కొట్టుకొచ్చినా వీటి ఆకులు మాడతాయి. రాగి తీగతో కట్టడం, రాగి పట్టిన పాత్రలోని నీళ్ళు పోయడం కూడా మానేయాలి.

నెలకోసారి మొవ్వు చూడండి

పురుగు ఆకుల మధ్య దాక్కుంటుంది, సులువుగా కంటపడదు. అది చేసిన గాయం ముందు కనిపిస్తుంది. కాబట్టి గాయాన్ని వెతకడం నేర్చుకోవాలి.

అందే ఎత్తులో ఉన్న మొక్కల్లో నడిమి ఆకును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉంటే కదలదు. పురుగు పడి ఉంటే మొవ్వు ఆకులు గుత్తిగా ఊడి చేతికొస్తాయి. వాటి మొదలు కొరికి, గోధుమరంగుకు తిరిగి, పీచుపీచుగా ఉంటుంది. కాండం చుట్టూ జిగురులాంటి పదార్థం కారుతుంది. చీల్చి చూస్తే తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు తల, కాళ్ళు లేని పిల్ల పురుగు ఉంటుంది. ముదిరిన పిల్ల మొక్క పీచునే నమిలి గూడు అల్లుకుని అందులో ప్యూపా దశ గడుపుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా సుమారు 8 వారాలు. నెలకోసారి చూడమనడం అందుకే. రెండు నెలలు ఆగితే ఒక తరం పూర్తయి పక్క మొక్కకు ఎగిరిపోతుంది.

పెద్ద పురుగు 11 నుంచి 16 మిల్లీమీటర్లుంటుంది. నల్లటి ఒళ్ళు, పొడుగు ముక్కు, వీపు మీద అడ్డంగా నారింజరంగు పట్టీ. ఇక్కడ తొందరపడకండి. ఫ్లోరిడాకు సొంత బ్రొమీలియాడ్ ముక్కు పురుగు ఇంకొకటుంది, దీనికన్నా బాగా చిన్నది. అది మొక్కలతో పాటే ఎన్నో వేల ఏళ్ళుగా ఉంటున్నది, అరుదైనది, దాన్ని చంపకూడదు. చెరకు మీద, పామ్ చెట్ల మీద పడే నలుపు నారింజ ముక్కు పురుగు మూడోది. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి, పురుగును రబ్బింగ్ ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, సాగు, తోటపని సలహాలిచ్చే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు తీసుకెళ్ళండి. ఫ్లోరిడాలోని 67 కౌంటీల్లోనూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ సేవలున్నాయి.

అందని ఎత్తులో ఉన్నవాటికి వేరే గుర్తు చూడాలి. చుట్టూ ఆకులు ఇంకా పచ్చగా ఉండి నడుమ ఖాళీ అయితే పురుగని అనుమానించండి. గింజ రాల్చి సహజంగా చనిపోయే ఉట్రిక్యులేటాకు ఎండిన పూకాడ నిలబడే ఉంటుంది, ఆకులు బయటినుంచి లోపలికి మెల్లగా ఎండుతాయి. చలికి దెబ్బతిన్న మొక్కలో ఆకులు నీరుకారి ఒకేసారి మెత్తబడతాయి. గాలివాన లేకుండానే చెట్టు కింద ఊడిపడిన ఆకులు, మొక్కలు కనిపిస్తే మాత్రం వెంటనే ఏరి మొదళ్ళు పరీక్షించండి. చాలా చోట్ల పురుగు వచ్చిందని తెలిసేది చెట్టు కింద రాలిన వాటిని బట్టే.

పురుగు పట్టిన మొక్కను ఏం చేయాలి

మొవ్వు ఊడిపోయిన మొక్క ఉట్రిక్యులేటా అయితే దాన్ని బతికించే ఆశ లేదు. ఫాసిక్యులేటాకు పక్కన పురుగు తాకని పిలక ఉంటే దాన్ని వేరుచేసి కాపాడొచ్చు. పాడైన భాగాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచీలో వేసి గట్టిగా మూతికట్టి రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత చెత్తలో వేయండి. కంపోస్ట్ కుప్పలో వేయకండి, పెరటి మూలన పారేయకండి. లోపలున్న పిల్లలు పెరిగి బయటికొస్తాయి. ఈ పని చేసేది మీ సొంత స్థలంలో ఉన్న మొక్కలకే. పార్క్‌లో చూస్తే ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని పార్క్ సిబ్బందికి చెప్పండి.

పురుగుమందు సంగతి అందరూ అడుగుతారు. అడవిలోని మొక్కల మీద కొట్టకూడదు. ఆ తొట్టిలో నీళ్ళలో కప్పలు, సాలీళ్ళు, రకరకాల నీటిపురుగులు బతుకుతుంటాయి. ఆ మందు మొక్కను కాపాడేలోపు దాని మీద ఆధారపడిన వాటిని చంపేస్తుంది. పెరట్లో అరుదైన మొక్క ఒకటో రెండో ఉండి, అవి పూతకు దగ్గరపడితే, ఎక్స్‌టెన్షన్ వాళ్ళను అడిగి, లేబుల్ మీద అలంకరణ మొక్కలకు వాడొచ్చని రాసి ఉన్న మందునే, రాసిన మోతాదులోనే వాడాలి. పూలు విచ్చుకుని ఉండగా వద్దు, తేనెటీగలు వస్తాయి. నా మాట అడిగితే, కింద చెప్పే జాలీ పంజరం ఉండగా మందు అక్కర్లేదు.

పురుగుకు సహజ శత్రువును తెచ్చే ప్రయత్నం కూడా జరిగింది. ఈ కుటుంబపు ముక్కు పురుగుల పిల్లల మీద బతికే లిక్సాడ్మోంటియా ఫ్రాంకీ అనే ఈగ హోండురస్ అడవుల్లో దొరికింది. ఈ ప్రయత్నం మొదలుపెట్టిన ఫ్లోరిడా కీటక శాస్త్రవేత్త హోవర్డ్ ఫ్రాంక్ పేరే ఆ ఈగకు పెట్టారు. పురుగు పిల్ల ఉన్న మొక్క మీద ఈగ తన పిల్లలను వదులుతుంది, అవి లోపలికి వెళ్ళి పురుగును తినేస్తాయి. 2007లో దాన్ని ఫ్లోరిడా అడవుల్లో వదిలారు. పురుగును అదుపు చేసేంతగా అది ఇక్కడ స్థిరపడలేదు. అందుకే ఒక్కో మొక్కనూ చేత్తో కాపాడే పని ఇంకా మిగిలి ఉంది.

పంజరం కట్టడం

అన్ని పనుల్లోకీ ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. బ్రెవార్డ్ కౌంటీలో టైటస్‌విల్ దగ్గరున్న ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్ శాంక్చురీలో పెద్ద ఉట్రిక్యులేటాలను జాలీ లోపల పెట్టి కాపాడే పద్ధతి మొదలైంది. మొక్క గింజ పెట్టేదాకా పురుగు లోపలికి పోకుండా ఆపడమే దాని సూత్రం. సొంత పెరట్లో మీరూ చేయొచ్చు.

కిటికీలకు వాడే ఫైబర్‌గ్లాస్ దోమల జాలీ తీసుకోండి. కంచు, రాగి జాలీ వద్దు. ప్లాస్టిక్ పైపు ముక్కలతో గానీ తుప్పు పట్టని కమ్మీతో గానీ మొక్కకన్నా కొద్దిగా పెద్ద చట్రం చేయండి. ఆకులు జాలీకి తగిలి నలగకూడదు. జాలీ అంచులు మడిచి కుట్టండి లేదా క్లిప్పులు దట్టంగా పెట్టండి, ఎక్కడా చిటికెన వేలు దూరే సందు ఉండకూడదు. కొమ్మ చుట్టూ జాలీ బిగించే చోట బెరడు ఎగుడుదిగుడులో సందులు మిగులుతాయి, అక్కడ నురుగు స్పాంజి పట్టీ చుట్టి దాని మీద తాడుతో కట్టండి. కొమ్మ పెరుగుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి ముడి వదులు చేయాలి.

పంజరం వేసే ముందు మొక్కను క్షుణ్ణంగా చూడండి. లోపల ఇప్పటికే పిల్ల పురుగు ఉంటే దాన్ని కూడా కాపాడినవాళ్ళమవుతాం. మొవ్వు గట్టిగా ఉందని తేలాకే మూయండి. తర్వాత 8 వారాలు వారం వారం చూసి, లోపల పెద్ద పురుగు కనిపిస్తే తీసేయండి.

పూకాడ లేచాక పంజరం ఎత్తు చాలదు. పైన జాలీకి చిన్న కోత పెట్టి కాడను బయటికి రానిచ్చి, కాడ చుట్టూ జాలీని మెత్తటి గుడ్డ పట్టీతో కట్టేయండి. కాడ లావవుతుంటే కట్టు సవరించండి. ఉట్రిక్యులేటా తనంతట తానే గింజ కట్టగలదు, పురుగులో పక్షులో రావాలని లేదు. వాన నీళ్ళు జాలీలోంచి దిగుతాయి కాబట్టి నీళ్ళ బాధ ఉండదు. అయితే రాలిన ఓక్ ఆకులు పైన పేరుకుని వెలుతురు ఆపేస్తాయి, అవి దులపండి.

గింజ పట్టుకోవడం, మళ్ళీ చల్లడం

పూసిన తర్వాత కాయలు ముదరడానికి నెలలు పడుతుంది. పచ్చకాయ గోధుమరంగుకు తిరిగి చివర చీలిక కనిపించగానే సిద్ధమన్నమాట. చీలిందంటే లోపలి గింజలు ఒక్కోటీ తెల్లటి నూగుతో గాలికి లేచిపోతాయి. అలా ఎగరడం మంచిదే, కొన్ని కాయలు అలాగే వదిలేయండి. మిగతావాటికి సన్నటి బట్ట సంచీ తొడిగితే గింజలు మీ చేతికొస్తాయి.

దాచిపెట్టకండి. ఈ గింజలకు నిల్వ ఉండే గుణం తక్కువ, తాజాగా చల్లితేనే మొలక బాగా వస్తుంది. గరుకు బెరడున్న లైవ్ ఓక్, సైప్రస్ కొమ్మల మీద, పొద్దుటి వెలుతురు పడి మధ్యాహ్నం కాస్త నీడ ఉండే చోట, నూగుతో సహా బెరడు పగుళ్ళలోకి అదమండి. తడిపితే నూగు బెరడుకు అంటుకుంటుంది. ఎక్కువ భాగం పోతుంది, అది ప్రకృతిలోనూ అంతే. తల్లిమొక్క ఉన్న చెట్టుకు, దాని పక్క చెట్లకే చల్లండి. వేరే కౌంటీ నుంచి తెచ్చిన గింజను ఇక్కడి అడవిలో కలపకండి, ఒక్కో ప్రాంతపు మొక్క అక్కడి చలికి, తేమకు అలవాటుపడి ఉంటుంది.

కొంత గింజను ఇంట్లో మొలిపించొచ్చు. ప్లాస్టిక్ జాలీ ముక్క మీద గానీ సైప్రస్ బెరడు ముక్క మీద గానీ పలచగా పరిచి, నీడపట్టున వేలాడదీసి, రోజూ పొద్దున వాన నీళ్ళు పిచికారీ చేయండి. మట్టి అక్కర్లేదు. పొద్దున అని చెప్పడానికి కారణముంది. ఎండకు తట్టుకునే ఈ మొక్కలు పగలు పత్రరంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే దానికి గాలి ఆడదు. మొదటి ఏడాది మొలకలు పచ్చటి చుక్కల్లా ఉంటాయి. రెండో ఏడు కూడా చిన్న కుచ్చుల్లాగే ఉంటాయి. ఎదగడం లేదని ఎరువు గుమ్మరించకండి.

గాలివాన తర్వాత

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ కాలం. తుఫాను వెళ్ళిన మర్నాడు రోడ్డు పక్కన కుప్పేసిన కొమ్మల నిండా ఎన్నో ఏళ్ళ వయసున్న గాలిమొక్కలుంటాయి. చెత్త లారీ వచ్చేలోపు మీ స్థలంలో పడ్డవాటిని ఏరుకోండి. పక్కింటివాళ్ళవైతే అడగండి. ప్రమాద జాబితాలోని మొక్కలకు ఆ ఇంటివాళ్ళ రాతపూర్వక అనుమతితో పాటు రాష్ట్ర వ్యవసాయ శాఖ పర్మిట్ కూడా అవసరం కావచ్చు, ఎక్స్‌టెన్షన్ వాళ్ళను కనుక్కోండి.

నేల మీద వదిలేసిన మొక్క తడికి కుళ్ళుతుంది, మళ్ళీ కొమ్మ ఎక్కాలి. ముందు తలకిందులు చేసి నీళ్ళు, చెత్త వంచేయండి. మొవ్వు లాగి చూడండి. వీలుంటే జాలీ సంచీలో పెట్టి 8 వారాలు వేరుగా వేలాడదీయండి, పురుగు లేదని తేలాక చెట్టెక్కించండి. అప్పటిదాకా నీడలో ఉన్న మొక్కను ఎండలో పెట్టకూడదు, ఎండలో ఉన్నదాన్ని చీకట్లో పెట్టకూడదు. తొట్టి మొక్కలను నిటారుగా నిలబెట్టండి. చేపల గాలానికి వాడే నైలాన్ దారంతో, లేదా పాత మేజోడు చీలికతో కొమ్మకు కదలకుండా కట్టండి. ఊగుతుంటే వేళ్ళు పట్టవు. మొదలు చుట్టూ నాచు గానీ కొబ్బరిపీచు గానీ కుక్కకండి, కుళ్ళుతుంది. కొన్ని నెలల్లో కొత్త వేళ్ళు బెరడును పట్టుకుంటాయి, అప్పుడు దారం కోసేయండి.

దోమల సంగతి

తొట్టిలో నీళ్ళుంటే దోమలు పెరుగుతాయన్నది నిజమే. 2016లో దోమల ద్వారా వ్యాపించే జికా వైరస్ వచ్చినప్పుడు మయామీ బీచ్‌లో అలంకరణ బ్రొమీలియాడ్లను పీకించేశారు. పీకక్కర్లేదు. ఇంటి దగ్గర నేల మీద పెంచే అలంకరణ రకాలను వారానికి ఒకటి రెండుసార్లు హోస్‌తో జోరుగా కడిగితే దోమ పిల్లలు కొట్టుకుపోతాయి. బీటీఐ అనే బాక్టీరియా గుళికలు దోమ పిల్లల మీదే పనిచేస్తాయి, కప్పలకూ మొక్కకూ హాని ఉండదు. నూనె, బ్లీచ్, సబ్బునీళ్ళు పోయకండి. చెట్ల మీది సహజ మొక్కల జోలికి పోనక్కర్లేదు.

తీసుకురావద్దు, కొనేటప్పుడు అడగండి

స్టేట్ పార్క్‌ల నుంచి, నేషనల్ పార్క్‌ల నుంచి ఏ మొక్కనూ తీయకూడదు, నేల మీద రాలి పడి ఉన్నదైనా సరే. పిల్లలకు ఇది ముందే చెప్పి తీసుకెళ్ళండి.

కొనేటప్పుడు నర్సరీలో పెంచినవా, అడవి నుంచి తెచ్చినవా అని అడగండి. గ్వాటెమాల వైపు పెరిగే టిలాండ్సియా జెరోగ్రాఫికా పూలబొకేల వాళ్ళకు బాగా ఇష్టం. అడవి మొక్కలను విపరీతంగా పీకేయడంతో అది అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేరింది. ఏ బ్రొమీలియాడ్ కొన్నా 8 వారాలు చెట్ల మీది మొక్కలకు దూరంగా ఉంచండి. మెక్సికోకో కోస్టారికాకో వెళ్ళినప్పుడు చిన్న గాలిమొక్కే కదా అని సూట్‌కేసులో పెట్టుకు రావద్దు. ఈ పురుగు ఫ్లోరిడాకు చేరింది మొక్కల దారినే.

ఆర్కిడ్ కనిపిస్తే చోటు చెప్పకండి

ఫకాహాచీ స్ట్రాండ్, బిగ్ సైప్రస్ లాంటి చిత్తడి అడవుల్లో నడిస్తే గుజ్మానియా మోనోస్టాకియా అనే బ్రొమీలియాడ్ గుంపులతో పాటు ఆకుల్లేని ఘోస్ట్ ఆర్కిడ్ కూడా కనిపించే అదృష్టం ఉండొచ్చు. బ్రొమీలియాడ్‌కు పురుగు ముప్పయితే ఆర్కిడ్‌కు దొంగల ముప్పు. కౌహార్న్ ఆర్కిడ్‌ను గతంలో బండ్లకొద్దీ పీకి అమ్మేసి అడవుల్లో దాదాపు లేకుండా చేశారు. ఫోన్‌లో లొకేషన్ ఆపేసి ఫొటో తీయండి. కుటుంబ గ్రూపుల్లో పెట్టినా కాలిబాట పేరు, మైలురాయి రాయకండి. మొక్కలు, జంతువుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే చోటు దాచే ఎంపిక పెట్టండి. చెట్టు దగ్గరికి పోయి వేళ్ళు తొక్కకండి, బోర్డ్‌వాక్ ఉంటే దాని మీద నుంచే చూడండి.

ఆర్కిడ్లను మళ్ళీ ఊళ్ళలోకి తెచ్చే పని చూడాలనుంటే మయామీ దగ్గరి ఫెయిర్‌చైల్డ్ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్‌కు వెళ్ళండి. అక్కడి మిలియన్ ఆర్కిడ్ ప్రాజెక్ట్‌లో బడిపిల్లలు పెంచిన స్థానిక ఆర్కిడ్లను వీధి చెట్ల మీద కడుతున్నారు. బ్రొమీలియాడ్ల కోసం చేయాలంటే మీ ప్రాంతపు బ్రొమీలియాడ్ సొసైటీని పట్టుకోండి. ఈ సొసైటీలన్నీ కలిసిన ఫ్లోరిడా కౌన్సిల్ ఆఫ్ బ్రొమీలియాడ్ సొసైటీస్ ముక్కు పురుగు మీద పరిశోధనకు ఎన్నో ఏళ్ళుగా అండగా ఉంది.

వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ నోట్‌బుక్ వెంట తీసుకెళ్ళండి. ఏ తేదీన ఏ చెట్టు మీద ఎన్ని పెద్ద మొక్కలున్నాయి, ఎన్నిటికి మొవ్వు పోయింది, ఎన్ని పూతకొచ్చాయి, పంజరం ఎప్పుడు వేశారు, కాయ ఎప్పుడు పగిలింది అన్నవి ఒక్కో వరసలో రాసి ఉంటే చాలు. పురుగు మీ ప్రాంతానికి ఇంకా రాలేదని తేలినా ఆ కాగితం వాళ్ళకు పనికొస్తుంది. అది మీ కౌంటీలోకి ఎప్పుడు అడుగుపెట్టిందో చెప్పగలిగేది అలాంటి నెలవారీ లెక్కలే.